ఉద్దానం మనకేమి చెబుతున్నది?

హౌరా–చెన్నై ప్రధాన మార్గం మీద పనిచేసిన రైల్వే ఉద్యోగికి పలాస, మందస రోడ్డు, సోంపేట, ఇచ్ఛాపురం కొత్త పేర్లు కావు. బండిలో నుండి చూచిన వారికి ఆ సీమ అంతా కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో కన్నుల పండువుగా కనిపిస్తుంది. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానమైనదని అక్కడివారు చెప్పుకుంటారు. ఆ తోటల నీడలోనే 1990 దశకం నుండి మూత్రపిండాల వ్యాధి గడప గడపకు వచ్చి కూర్చున్నది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలలో ఈ రోగంతో మనిషిని పోగొట్టుకోని బంధుకోటి అరుదు.

సాధారణంగా మూత్రపిండాలు చెడటానికి మధుమేహం, రక్తపోటు ప్రధాన కారణాలని వైద్యులు చెబుతారు. ఉద్దానంలో ఆ రెండూ లేని రైతులు, కూలీలు, జీడిపిక్కల కార్మికులు నలభై, యాభై ఏళ్ళకే రోగగ్రస్తులవుతున్నారు. మూత్రంలో ఆల్బుమిన్ పెద్దగా పోదు, కాళ్ళ వాపు రాదు, ఒంట్లో నలత తెలియదు. తెలిసేసరికి మూత్రపిండంలో మిగిలింది పిడికెడు. విశాఖపట్టణంలోని మూత్రపిండ వైద్యులు, ముఖ్యంగా డాక్టర్ టి. రవిరాజు, ఈ విషయాన్ని ఏళ్ళ తరబడి ప్రభుత్వాల దృష్టికి తెస్తూ వచ్చారు. వైద్య గ్రంథాలలో దీనికి ‘ఉద్దానం నెఫ్రోపతి’ అనే పేరు కూడా స్థిరపడిపోయింది. ఒక సీమకు తన పేరిట ఒక రోగం ఉండటం ఎటువంటి కీర్తియో పాఠకులే ఊహించగలరు. గత పదేళ్ళలో శాస్త్రీయంగా జరిపి ప్రకటించిన జనసర్వేలలో అక్కడి వయోజనులలో ఇంచుమించు ఐదుగురిలో ఒకరికి ఈ వ్యాధి ఉన్నట్లు తేలింది.

2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ పథకాన్ని మొట్టమొదట ప్రారంభించిన మూడు జిల్లాలలో శ్రీకాకుళం ఒకటి. ఆ తరువాత డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి. 2017లో డయాలసిస్ రోగులకు నెలకు 2,500 రూపాయల పింఛను ఏర్పడింది. 2019లో అది 10,000 రూపాయలైనది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధనా కేంద్రము, సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. అదే రోజున హిరమండలం జలాశయం నుండి ఉద్దానం గ్రామాలకు త్రాగునీరు చేర్చే 700 కోట్ల రూపాయల పథకాన్ని కూడా ప్రారంభించారు. వీటిలో దేని ఘనత ఏ పార్టీకి చెందాలన్న వాదంలోకి మేము దిగము. శిలాఫలకాల మీద పేర్లు మారుతుంటాయి. ఈ పనులు దయాధర్మంగా రాలేదు. రోగులు, వారి కుటుంబాలు, ఆ ప్రాంతపు వైద్యులు, ప్రజాసంఘాలు, పత్రికలు పాతికేళ్ళకు పైగా పట్టు విడువక అడుగుతూ వచ్చినందువల్ల వచ్చాయి. అంతకు ముందు ఇచ్ఛాపురం మనిషి డయాలసిస్ కోసం రెండు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి విశాఖకు చేరి, నాలుగు గంటలు యంత్రం ప్రక్కన పడుకొని, తిరిగి అదే బండిలో ఇల్లు చేరేవాడు. వారానికి రెండు, మూడు సార్లు ఈ యాత్ర. కూలి పోయేది, తోడు వచ్చిన వాని కూలి కూడా పోయేది.

రోగానికి కారణం ఇది అని శాస్త్రం ఇంకా వ్రేలు పెట్టి చూపలేదు. భూగర్భ జలాలలోని సిలికాను, లోహాలను, పురుగుమందులను, వంశపారంపర్య లక్షణాలను, ఎండలో ఒళ్ళు విరుచుకొని చేసే పనిని, నొప్పి బిళ్ళలను, అన్నిటినీ పరిశోధకులు పరిశీలిస్తున్నారు. ఒక్కటే దోషి అనటానికి తగిన సాక్ష్యం లేదు. ఎ.కొండూరు మండలపు గిరిజన తండాలలోను ఇటువంటి వ్యాధి కనిపించింది. అక్కడ కూడా వ్రేళ్ళు మొదట నీటివైపే చూపాయి. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలోని వరి రైతులలో ఇదే తీరు ఉన్నది.

కార్మికోద్యమానికి చెందిన మనం ప్రత్యేకించి తెలుసుకోవలసినది మధ్య అమెరికా అనుభవం. నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశాలలో చెరకు నరికే కూలీలు ముప్పై, నలభై ఏళ్ళ వయసులోనే మూత్రపిండాలు చెడి వేల సంఖ్యలో మరణించారు. మండుటెండలో, ముక్కకింత అన్న కూలి లెక్కలో, ఆగితే కూలి పోతుందన్న భయంతో, నీళ్ళకు కూడా ఆగకుండా నరకటం వారి పని పద్ధతి. అక్కడి తోటలలో నీరు, నీడ, నిర్ణీత వ్యవధిలో తప్పనిసరి విశ్రాంతి అనే మూడింటిని అమలు జరిపి పరిశోధకులు కొలిచి చూశారు. విశ్రాంతి పెంచిన కోతకాలంలో మూత్రపిండాలకు కలిగే హాని గణనీయంగా తగ్గింది. మందు కాదు, యంత్రం కాదు, పని నియమాలే తగ్గించాయి. మన పొరుగున చెన్నైలోని శ్రీ రామచంద్ర విద్యాసంస్థ పరిశోధకులు తమిళనాడు ఉప్పు మళ్ళ కార్మికులను పరీక్షించి, ఎండవేడిమి తాకిడికీ మూత్రపిండాల శక్తి తగ్గుదలకూ గల సంబంధాన్ని బయటపెట్టారు. ఉద్దానం వ్యాధి పూర్తిగా ఎండ వల్లనే అని వీటిని బట్టి మేము అనటం లేదు. అక్కడి రహస్యం వేరుగా ఉండవచ్చు. కాని ఎండలో దాహంతో, విరామం లేకుండా పనిచేసే శరీరంలో మూత్రపిండం మొదట దెబ్బతినే అవయవాలలో ఒకటి అన్నమాట ఇక సందేహాస్పదం కాదు.

ఈ దృష్టితో మన శాఖలవైపు చూడవలసి ఉన్నది. మే నెలలో పట్టాల ప్రక్కన కంకర మీద పనిచేసే ట్రాక్ మెయింటెయినరు, మొన్నటి మన గ్యాంగ్‌మన్, ఎన్ని సీసాల నీరు మోయగలడు? సెక్షను మధ్యలో చెట్టు లేదు, కొళాయి లేదు. భుజాన పనిముట్లు, చేతిలో జెండాలు. లోకో పైలట్ల సంగతి మరీ విచిత్రం. ఇంజనులో మరుగుదొడ్డి లేదు గనుక డ్యూటీ ఎక్కే ముందు నీళ్ళు త్రాగటమే మానుకుంటారు. మహిళా లోకో పైలట్లు ఈ విషయాన్ని ఎంతటి బాధతో చెబుతారో వినని నాయకుడు నాయకుడే కాడు. ఇటీవలి సంవత్సరాలలో కొన్ని ఇంజన్లలో మూత్రశాలలు అమర్చటం మొదలైనది. కాని ‘కొన్ని’ అన్న మాటతో దాహం తీరదు. 1973లో రన్నింగ్ సిబ్బంది సమ్మె పది గంటల డ్యూటీ అన్న మాటను దేశం ముందుకు తెచ్చింది. అది పని గంటల సమస్యగానే మనకు తెలుసు. పది గంటలు నీరు త్రాగక, మూత్రం బిగబట్టి కూర్చున్న మనిషికి అంటువ్యాధులు, రాళ్ళు రావటం సహజం. ఇక తపాలా వైపు చూస్తే, పోస్ట్‌మన్, గ్రామీణ డాక్ సేవక్ సంచి భుజాన వేసుకొని తిరిగేది సరిగ్గా ఎండ నెత్తికెక్కే వేళలోనే. సాయంత్రానికి మోకాళ్ళు పీకుతాయి. వీధి చివర మందుల దుకాణంలో చీటీ లేకుండానే నొప్పి బిళ్ళ దొరుకుతుంది. రోజుకొకటి, ఒక్కొక్కప్పుడు రెండు. ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు ఆ బిళ్ళలు మూత్రపిండానికి చేసే చేటు చిన్నది కాదు. ఈ ఒక్క ముక్క ప్రతి శాఖా సమావేశంలోనూ చెప్పవలసిందిగా కోరుతున్నాము.

డయాలసిస్ అంటే ఏమిటో తెలిసిన వారికి ఈ ముందు జాగ్రత్త విలువ బోధపడుతుంది. ఆరోగ్యవంతుని రెండు మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడపోసి, కావలసినది రక్తానికి తిరిగి ఇచ్చి, లీటరున్నర, రెండు లీటర్లు మాత్రమే మూత్రంగా బయటకు పంపుతాయి. వారానికి 168 గంటలు వాటికి సెలవు లేదు, ఓవర్‌టైమూ లేదు. యంత్రం ఆ పనిని పూటకు నాలుగు గంటల చొప్పున వారానికి మూడు పూటలు, అనగా 12 గంటలలో చేయజూస్తుంది. మన దేశంలో డబ్బు చాలక చాలమంది రెండు పూటలతో సరిపెట్టుకుంటున్నారు. ఒక్కొక్క పూటకు శుద్ధిచేసిన నీరు 120 లీటర్లు కావాలి. కొళాయిలో త్రాగే నీరే సరిగా రాని ఊళ్ళలో ఈ నీరెక్కడి నుండి రావాలో యంత్రాలకు రిబ్బను కత్తిరించేవారు ఆలోచించాలి.

ఈ యంత్రం చరిత్ర కూడా కార్మికుడు చదవదగినదే. నాజీల ఆక్రమణలో ఉన్న హాలండులోని కాంపెన్ పట్టణంలో 1943లో విల్లెం కోల్ఫ్ అనే వైద్యుడు సాసేజీల తొడుగుకు వాడే సెల్లోఫేన్ గొట్టాన్ని ఒక డ్రమ్ముకు చుట్టి తొలి కృత్రిమ మూత్రపిండాన్ని నిర్మించాడు. తొలి రోగులలో దాదాపు అందరూ మరణించారు. 1945లో 67 ఏళ్ళ వృద్ధురాలు బ్రతికి బయటపడింది. కాని అది కొద్ది రోజుల అక్కరకే పనికివచ్చేది. ప్రతిసారి కొత్త రక్తనాళం కోయవలసి వచ్చేది. 1960లో అమెరికాలోని సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ టెఫ్లాన్ గొట్టాన్ని చేతిలో శాశ్వతంగా అమర్చి ఆ ఆటంకాన్ని దాటాడు. దానితో దీర్ఘకాలం బ్రతికిన తొలి రోగి క్లైడ్ షీల్డ్స్ ఒక మెషినిస్టు, మన వర్క్‌షాపు సోదరుల వంటివాడు; పదకొండేళ్ళు జీవించాడు. 1966లో వచ్చిన ఫిస్టులా శస్త్రచికిత్స నేటికీ వాడుకలో ఉన్నది.

యంత్రం వచ్చింది, కాని పడకలు కొద్ది. ఎవరిని బ్రతికించాలి? సియాటిల్‌లో ఇందుకొక కమిటీ వేశారు. ఒక న్యాయవాది, ఒక మతగురువు, ఒక బ్యాంకరు, ఒక గృహిణి, ఒక ప్రభుత్వాధికారి, ఒక శస్త్రవైద్యుడు, వారితోపాటు ఒక కార్మిక నాయకుడు. ఆ ఏడుగురూ దరఖాస్తుదారుల సంపాదన, చదువు, సంసారం, సమాజానికి ఉపయోగం చూచి పేర్లు ఖరారు చేసేవారు. 1962లో లైఫ్ పత్రిక దీనిని బయటపెట్టగా పెద్ద దుమారం లేచింది. ఆ కార్మిక నాయకుని మనస్సు ఆ గదిలో ఎట్లుండెనో అని మేము పలుమారులు తలపోశాము. ఒక తోటివాని పేరు కొట్టివేయక తప్పని కుర్చీ అది. అమెరికాలో ఆ కుర్చీ అవసరం తప్పించినది కమిటీల దయాళుత్వం కాదు. రోగులు సంఘంగా ఏర్పడ్డారు. 1971 నవంబరులో షెప్ గ్లేజర్ అనే రోగి శాసనసభా కమిటీ ఎదుటనే డయాలసిస్ యంత్రం తగిలించుకొని తన సాక్ష్యం చెప్పాడు. 1972 అక్టోబరులో మూత్రపిండాల వైఫల్యానికి ప్రభుత్వ ఖర్చుతో చికిత్స చేయించే చట్టం వచ్చింది.

మన దేశంలో ఆ కుర్చీ కనిపించదు గాని పని సాగుతూనే ఉన్నది. దానిలో కూర్చున్నది డబ్బు. 2016 ఫిబ్రవరి 29న కేంద్ర బడ్జెటు ప్రసంగంలో ఆర్థికమంత్రి స్వయంగా చెప్పిన లెక్క ఇది: ఏటా 2.2 లక్షల మంది కొత్తగా ఆఖరి దశ మూత్రపిండ రోగులవుతున్నారు. దానివల్ల ఏటా అదనంగా 3.4 కోట్ల డయాలసిస్‌లు కావాలి. ఉన్న కేంద్రాలు సగం అవసరాన్నే తీర్చగలవు. పూటకు సుమారు 2,000 రూపాయలు, ఏడాదికి మూడు లక్షల పైచిలుకు ఖర్చు. ఆ ప్రసంగంతోనే జాతీయ డయాలసిస్ కార్యక్రమం మొదలైనది. జిల్లా ఆసుపత్రులలో యంత్రాలు పెట్టటం మంచి పని. అయితే దానిని ప్రైవేటు భాగస్వామ్యంతో నడపాలన్న ఏర్పాటు పట్ల మా అనుమానం తీరలేదు. రేటు గిట్టనప్పుడు గుత్తేదారు తగ్గించేది లాభం కాదు, వడపోత గొట్టం మార్చే తరచుదనం, నర్సుల సంఖ్య.

పరిశోధన ఆగిపోలేదు. 2020లో వెలువడిన పరీక్షలో 4,304 మంది రోగులతో డపాగ్లిఫ్లోజిన్ అనే మధుమేహపు మందును పరీక్షించి చూడగా వ్యాధి ముదిరే ప్రమాదం 39 శాతం తగ్గింది, మధుమేహం లేనివారిలో సహితం. అదే ఏడాది చివర మన దేశంలో దాని పేటెంటు గడువు తీరి దేశీయ కంపెనీలు తయారు చేయటంతో ధర దిగివచ్చింది. అయితే ఆ పరీక్షలోని వారంతా మూత్రంలో ఆల్బుమిన్ ఎక్కువగా పోయేవారు. ఉద్దానం రోగి ఆ కోవకు చెందడు. 2023లో ఎంపాగ్లిఫ్లోజిన్ మీద 6,609 మందితో వెలువడిన మరొక పరీక్షలో ఆల్బుమిన్ తక్కువగా ఉన్నవారినీ చేర్చుకున్నారు. మొత్తం మీద ప్రమాదం 28 శాతం తగ్గింది. అదే 2023లో ఐరోపాలో 1,360 మంది డయాలసిస్ రోగులను రెండు జట్లుగా చేసి పరిశీలించారు. మామూలు పద్ధతిలో 21.9 శాతం మంది మరణించగా, రక్తం నుండి ఎక్కువ ద్రవాన్ని లాగి అతిశుద్ధ ద్రవంతో భర్తీ చేసే కొత్త పద్ధతిలో 17.3 శాతం మంది మరణించారు. ఈ మందులు తొలి దశలో కనిపెట్టిన వానికి ఉపయోగం. ఆఖరి దశలో ఆసుపత్రి మెట్లెక్కిన వానికి కాదు. కనిపెట్టటానికి కావలసినవి రెండు చిన్న పరీక్షలు: రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్.

ఈ బులెటిన్ వెలువడే మయూర్ విహార్‌లో మన రెండు శాఖల విశ్రాంత ఉద్యోగులు పెక్కుమంది కాపురముంటున్నారు. తెల్లవారకముందే చేతిసంచిలో దుప్పటి, టిఫిను డబ్బా పెట్టుకొని మొదటి షిఫ్టు డయాలసిస్‌కు బయలుదేరే వారు మాకు తెలుసు. వారికి సి.జి.హెచ్.ఎస్. కార్డు ఉన్నది, దగ్గరలో డిస్పెన్సరీ ఉన్నది, మెట్రో ఉన్నది, రైల్వేవారికి తమ ఆసుపత్రి ఉన్నది. అయినా బిల్లుల కోసం తిరుగుళ్ళు తప్పటం లేదు. విశ్రాంత సార్టింగ్ అసిస్టెంటు ఒకరి బిల్లును ఒక కార్యాలయం నాలుగుసార్లు నాలుగు ఆక్షేపణలతో త్రిప్పి పంపింది. నాలుగవది ఆయన సంతకం మునుపటి సంతకంతో కలవటం లేదని. ఫిస్టులా ఉన్న చేయి వణుకుతుంది గదా అని ఆయన నవ్వుతూ చెప్పారు.

రాజధానిలోనే ఇట్లుండగా టెక్కలిలోనో, నరసన్నపేటలోనో పదవీ విరమణ చేసిన పోస్టుమాస్టరు గతి ఏమి? సి.జి.హెచ్.ఎస్. నగరాలకే పరిమితం. 1944 నాటి వైద్య నిబంధనలు ఉద్యోగంలో ఉన్నవారికే గాని పింఛనుదారుకు వర్తించవు. ఆయనకు మిగిలేది 2017లో నెలకు 1,000 రూపాయలుగా నిర్ణయించిన వైద్య భృతి. ఒక్క పూట డయాలసిస్ ఖర్చు కూడా దానితో పూడదు. గ్రామీణ డాక్ సేవకులు దేశంలో రెండు లక్షలకు పైగా ఉన్నారు. వారికి కార్డూ లేదు, ఆ నిబంధనలూ వర్తించవు. ఎండలో తిరిగేది వారు, ఏ గొడుగూ లేనిది వారికే.

అవయవం దానం చేసే కేంద్ర ప్రభుత్వోద్యోగికి 2023 ఏప్రిల్‌లో 42 రోజుల ప్రత్యేక సెలవు మంజూరైనది. ఇది హర్షించదగినది. మరి ఆ అవయవం కోసం ఎదురుచూస్తూ వారానికి మూడు పూటలు యంత్రం ప్రక్కన గడిపే ఉద్యోగి మాట? అతని ఆర్జిత సెలవు, అర్ధవేతన సెలవు ఒకటి రెండేళ్ళలో కరిగిపోతాయి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. మూత్రపిండాల వైఫల్యం ఆ జాబితాలో లేదు. కనుక ఉద్యోగంలో ఉండగా వైకల్యం పొందినవారికి ఆ చట్టం ఇచ్చే రక్షణ ఇతనికి సూటిగా దక్కదు. పని మార్చమని అడిగితే దయ చూపినట్లు మాట్లాడతారు.

రాబోయే సమాఖ్య కార్యవర్గ సమావేశంలో ఈ విషయాన్ని ప్రత్యేకాంశంగా చర్చకు పెడుతున్నాము. ఇంజన్లన్నిటిలోను మూత్రశాల, గ్యాంగు పనిచోట నీరు, నీడ, వేసవి మధ్యాహ్నాలలో విరామం మా దృష్టిలో సౌకర్యాలు కావు, భద్రతా నియమాలు. రైల్వే ఆవర్తన వైద్య పరీక్షలో చూపు మీద పెట్టే శ్రద్ధ క్రియాటినిన్ మీద కూడా పెట్టాలి. తపాలా ఉద్యోగులకు, గ్రామీణ డాక్ సేవకులతో సహా, ఏటా ఆ రెండు పరీక్షలు ఉచితంగా చేయించాలి. డయాలసిస్ రోజులకు ప్రత్యేక సెలవు, వైకల్య జాబితాలో చోటు కోరుతున్నాము. సి.జి.హెచ్.ఎస్. లేని పట్టణాలలో పింఛనుదారులకు దగ్గరి ఆసుపత్రిలో నగదు చెల్లింపు లేకుండా డయాలసిస్ జరగాలి.

ప్రభుత్వం ఇచ్చేవరకు ఆగనవసరం లేని పని ఒకటి ఉన్నది. డయాలసిస్‌కు, మూత్రపిండ మార్పిడికి ప్రయాణించే రోగికి, తోడు వెళ్ళే ఒకరికి రెండవ తరగతి, స్లీపరు, మూడవ ఎ.సి. ఛార్జీలలో 75 శాతం రాయితీ ఉన్నది. 2020లో పెక్కు రాయితీలను ఎత్తివేసినప్పుడు కూడా రోగుల రాయితీలను తొలగించలేదు. ఆసుపత్రి ధ్రువపత్రం ఉంటే చాలు. పలాస నుండి విశాఖకు వెళ్ళే రోగికి ఈ సంగతి తెలియకపోవచ్చు. బుకింగ్ కిటికీ వెనుక కూర్చున్న మన సభ్యునికి తెలుసు. అడగకముందే చెప్పవలసిందిగా ఆ సోదర సోదరీమణులను కోరుతున్నాము. ఆ నియమాన్ని తెలుగులో వ్రాసి తపాలా కార్యాలయాల ప్రకటనల పలక మీద అతికించే పని తపాలా శాఖల వారు తీసుకొనవచ్చు.

ప్రతి శాఖ తన పరిధిలో మూత్రపిండాల వ్యాధితో ఉన్న ఉద్యోగులు, పింఛనుదారులు, డాక్ సేవకుల వివరాలు సేకరించి వచ్చే నెలాఖరులోగా మయూర్ విహార్ కార్యాలయానికి పంపవలెను. పేర్లు అక్కరలేదు. వయస్సు, చేసిన పని, ఎన్నేళ్ళు ఎండలో పనిచేశారు, పని చోటు, డయాలసిస్ ఎక్కడ జరుగుతున్నది, దానికి ఎంత దూరం వెళుతున్నారు అన్నవి వ్రాస్తే చాలును.